అక్క చేతిలో మోటారు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అమీర్‌పేటలో కరెంటు స్తంభాలకి కూడా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడే రోజుల్లో లేడీస్ హాస్టల్ నడిపినదాన్ని నేను. గదికి నలుగురు చొప్పున సర్దినా ఇంకా కొందరు పిల్లలు పెట్టెలు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్లు. మనుషులకే చోటు లేని కొంపలో దయ్యానికి చోటెక్కడ? ఒకసారి రెండో అంతస్తు పిల్లలు బాత్‌రూంలో గజ్జెల చప్పుడు వస్తోందని ఏడుపు మొహాలతో కిందికి దిగొచ్చారు. నేను ప్లంబర్ని పిలిపించాను. కుళాయి వాషరు మార్చగానే గజ్జెలు ఆగిపోయాయి.

అలాంటిదాన్ని ఇప్పుడిలా రాయడం నాకే ఇబ్బందిగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆసుపత్రి పేరూ డాక్టరు పేరూ రాయను. భయపడి కాదు. పేరు రాస్తే ఆ ఒక్కడిదే తప్పని మిగతావాళ్లు తప్పించుకుంటారు.

మా అక్క రాజేశ్వరి నాకన్నా ఆరేళ్లు పెద్ద. మాది తెనాలి దగ్గర. మా ఆయన పోయాక నేనూ అక్కా కలిసి హైదరాబాదు వచ్చి ఈ హాస్టల్ పెట్టాం. అక్క పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్లకి ఆవిడ ఇచ్చిన జవాబులు ఇక్కడ రాయదగ్గవి కావు. వంట ఆవిడది, లెక్కలూ తగాదాలూ నావి అనుకున్నాం గానీ, తగాదాలు కూడా ఆవిడే చూసుకునేది.

అక్క కోపం గురించి ఒక్క సంగతి చెప్పాలి. మా సందులో ఒక బండివాడు మా హాస్టల్‌కి పుచ్చు వంకాయలు అంటగట్టాడు. అడిగితే, మీరే ఎండలో పెట్టి పాడుచేశారని దబాయించాడు. అక్క వాడితో గొడవ పడలేదు. మర్నాటి నుంచీ రోజూ సాయంత్రం వెళ్లి వాడి బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. ఎవరైనా వంకాయలు ఏరుతుంటే, “పుచ్చులున్నాయి, చూసుకోండమ్మా” అనేది. అంతే, ఇంకో మాట లేదు. తప్పు నాదే అని వాడు ఒక్క మాట అంటే వదిలేసేదాన్నని తర్వాత నాతో అంది. వాడనలేదు. చివరికి బండి తీసుకుని వేరే సందుకి పోయాడు.

ఆ అక్కకి షుగరు ముదిరి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. పంజాగుట్ట దాటాక సోమాజిగూడ వైపు ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేయించేవాళ్లం.

డయాలిసిస్ తెలియని వాళ్ల కోసం ఒక ముక్క చెబుతాను. మిషనుకి రక్తం ధారాళంగా అందాలని చేతిలో రెండు రక్తనాళాలని కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. ఆ చోట వేళ్లు ఆనిస్తే చర్మం కింద పిల్లి గొంతులా గుర్రుమని అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఉన్నంతకాలమే అది పనిచేస్తున్నట్టు. అందుకని ఆ చేతిని చంటిపిల్లలా చూసుకోవాలి. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. గాజులు, వాచీ పెట్టకూడదు. ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. ఆ చేతికి సూది గుచ్చి సెలైను ఎక్కించకూడదు, బీపీ పట్టీ అసలే కట్టకూడదు. నొక్కుడు పడితే లోపల రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోతుంది.

అక్క దాన్ని మోటారు అనేది. ఎడమ చేతికి, మోచేతి మడతకి కొంచెం కింద ఉండేది. పొద్దున లేవగానే వేళ్లు పెట్టి చూసుకుని, “నడుస్తోందే” అని వంటింట్లోంచి నాకు వినబడేలా అరిచేది. తనని సగం చచ్చినదానిలా చూసి జాలిపడే వాళ్లంటే ఆవిడకి ఒళ్లుమంట. అలాంటివాళ్ల చెయ్యి లాక్కుని మోటారు మీద పెట్టి, “చూడండి, ఎంత జోరుగా ఉందో” అనేది. హాస్టల్ పిల్లలంతా దాన్ని పట్టుకుని చూసినవాళ్లే.

అందరి మోటార్లూ ఒకేలా అదురుతాయి. అక్కది మాత్రం వేరు. గుండె కొట్టుకోవడంలో ఏదో తేడా ఉందని డాక్టర్లు చెప్పారు. నాలుగైదుసార్లు గుర్రుమని, ఒక్కసారి తడబడి, మళ్లీ రెండింతలు విసురుగా ఎత్తుకునేది. కోపం వస్తే ఇంకా ఎగిరేది. చీకట్లో పది చేతులు నా ముందు పెట్టినా అక్క చెయ్యి ఏదో చెప్పగలను.

డయాలిసిస్ వార్డులో అక్క పక్క మంచం సత్తన్నది. యూసుఫ్‌గూడలో సైకిళ్ల షాపు ఉండేది అతనికి. అక్కని పెద్దక్క అనీ నన్ను చిన్నక్క అనీ పిలిచేవాడు. మిషను మీద ఉన్నంతసేపూ ఇద్దరూ ఎవరి మోటారు గట్టిదని పందేలు వేసుకునేవాళ్లు. ఒకరి చెయ్యి ఒకరు పట్టి చూసుకుని తిట్టుకునేవాళ్లు.

డయాలిసిస్ పేషెంట్లకి ఆసుపత్రి పుట్టిల్లు లాంటిది. ఒంట్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, చేరతారు. తగ్గుతుంది, ఇంటికొస్తారు. బట్టల సంచీ విప్పకముందే మళ్లీ చేరతారు. మా ఇంట్లో ఆ సంచీ ఎప్పుడూ తలుపు పక్కనే ఉండేది. ఆ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు చూసే డాక్టరు ఒకాయన ఉండేవాడు. మా కోస్తా మనిషే. చేరిన ప్రతిసారీ ఆయన మొదటి మాట, “మళ్లీ వచ్చారా?” రెండో మాట, “ఏం తాగారు, ఏం తిన్నారు?” మనిషి ఊపిరాడక గిలగిల్లాడుతుంటే అదీ పలకరింపు. ఆయన లెక్కలో మళ్లీ చేరిన ప్రతి పేషెంటూ దొంగతనంగా ఆవకాయ తిన్నవాడే. కొందరు తిన్న మాట నిజమే. అక్క మాత్రం గ్లాసులో సగం నీళ్లు పోసుకుని రోజంతా గొంతు తడుపుకుంటూ బతికింది.

ఒక వేసవిలో అక్కకి ఆయాసం వచ్చి తీసుకెళ్లాం. మా కిడ్నీ డాక్టరు ఊళ్లో లేరు. కుడి చేతికి సూది పెట్టి మందు ఎక్కిస్తున్నారు. ఎమర్జెన్సీ డాక్టరు వచ్చి, బీపీ మిషను పట్టీ ఎడమ చేతికి కట్టమని నర్సుకి చెప్పాడు. అక్క ముక్కుకి ఆక్సిజన్ ఉంది, అయినా చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఆ చేతికి వద్దండీ, ఫిస్టులా ఉంది” అన్నాను నేను. నర్సు ఆగిపోయింది. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది.

“డాక్టరు మీరా నేనా? నాకు ఇప్పుడు బీపీ తెలియాలి” అని తనే అక్క చెయ్యి గుంజి పట్టీ బిగించాడు.

అది దానంతటదే గాలి నింపుకునే మిషను. కాసేపటికోసారి బిగుసుకుంటూనే ఉంది. నన్ను బయటికి పంపేశారు. వార్డు బయట ఎంతమంది కాళ్లు పట్టుకోవాలో అంతమందినీ పట్టుకున్నాను. లోపలికి వెళ్లే సమయానికి సాయంత్రమైంది. పట్టీ తీసేసి అక్క చేతి మీద వేళ్లు పెట్టాను. అక్క నా మొహం వైపే చూస్తోంది.

ఏమీ లేదు. ఉత్త చెయ్యి.

మళ్లీ తెరవాలని చూశారు, కుదరలేదు. ఇంకో చోట కొత్తది వేయడానికి నాళాలు పనికిరావన్నారు. మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలిసిస్ మొదలెట్టారు. ఆ గొట్టంతో చలిజ్వరాలు వచ్చాయి. చేరడం, ఇంటికి రావడం, మళ్లీ చేరడం. ఎన్నిసార్లో నాకు లెక్క పోయింది. వెళ్లిన ప్రతిసారీ ఆ డాక్టరు మా మొహాన కొట్టిన మాట ఒక్కటే: “గొట్టం శుభ్రంగా ఉంచుకోవడం లేదు మీరు.” చేతి సంగతి ఎత్తితే, షుగరు పేషెంట్ల నాళాలు ఎలాగూ మూసుకుపోతాయి అనేవాడు. మిషను కోసం మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి కనక నోరు కుట్టేసుకునేదాన్ని.

ఆఖరిసారి చేరినప్పుడు జరిగింది నా కళ్లతో చూశాను. ఆయన రౌండ్లకి వచ్చి, “మళ్లీ వచ్చారా?” అన్నాడు. అక్క అప్పటికి మాట కూడదీసుకోవాల్సిన స్థితిలో ఉంది. అయినా కుడి చేత్తో ఆయన ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

“డాక్టరు గారూ, ఇది మీ వల్ల ఆగింది. ఆ ఒక్క మాట అనండి. ఇంకేం వద్దు నాకు.”

ఆయన చెయ్యి విదిలించుకుని, ఈవిడకి కాస్త కౌన్సెలింగ్ ఇప్పించమని నర్సుతో ఇంగ్లీషులో అన్నాడు. నర్సు నవ్వింది. అక్క నవ్వలేదు.

“నా దగ్గర ఆగిందంటే మీ దగ్గరకి వచ్చిందన్నమాట. ఉంచుకోండి” అంది.

రెండు రోజులకి అక్క పోయింది.

ఆ మాటని నేను శాపం అనుకోలేదు. అక్క నోటి దురుసు అనుకున్నాను, అంతే. కర్మకాండలు అయిపోయాయి. వంటమనిషిని పెట్టుకుని హాస్టల్ నడుపుతున్నాను. రోజూ మనసులో ఆ డాక్టర్ని తిట్టుకునేదాన్ని. కేసు వేద్దామని ఒక లాయర్ని కూడా కలిశాను. పట్టీ వల్లే ఆగిందని ఏ డాక్టరూ సాక్ష్యం చెప్పడమ్మా అన్నాడాయన.

నెల దాటాక ఒకరోజు సత్తన్న హాస్టల్‌కి వచ్చాడు. డయాలిసిస్ అయ్యాక నేరుగా వచ్చినట్టున్నాడు, చేతికి దూది పట్టీ అలాగే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“చిన్నక్కా, ఒక మాట చెప్త. నవ్వద్దు” అన్నాడు. “పెద్దక్కతోని లొల్లి పెట్టుకున్న డాక్టర్ లేడూ? గాయిన ఇయ్యాల నా మంచం కాడికొచ్చిండు. చుట్టుముట్టు ఎవ్వరూ లేంది చూసి, అంగీ చెయ్యి మీదికి మలిచి, జర ఇక్కడ పట్టి చూడు, ఏమన్న తెలుస్తుందా అన్నడు. పట్టి చూసిన.”

“ఏముంది?”

“పెద్దక్క మోటారు. అట్లనే నడుస్తుంది. నడుమ అట్లనే తడబడి, మళ్ల గుంజుకుంటుంది. నాకైతే చెమటలు వట్టినయ్ అక్కా. ఆయన చేతికి కోత లేదు, కుట్టు లేదు.”

నేను నవ్వలేదు, నమ్మనూ లేదు. డయాలిసిస్ అయ్యాక నీరసంలో అలా అనిపించి ఉంటుంది, వెళ్లి పడుకో అని పంపించేశాను. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

తర్వాతి వారం ఆ డాక్టరే వచ్చాడు. మధ్యాహ్నం వేళ. పిల్లలంతా క్లాసులకి పోయారు. నేను డైనింగ్ హాల్లో కందిపప్పు ఏరుతున్నాను. అప్పుడు కరెంటు లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే ఫ్యాను, ఫ్రిజ్జు, గ్రైండరు ఏవీ తిరగడం లేదు, ఏదో అదురు చేతికి తగిలిందని ఎవరూ అనడానికి లేదు. మాకు జనరేటరూ లేదు.

మనిషి సగమయ్యాడు. గడ్డం పెరిగి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎడమ చేతిని పొట్టకి ఆనించి పెట్టుకున్నాడు. డయాలిసిస్ వాళ్లు పెట్టుకున్నట్టే.

“మీ అక్కగారి పెద్దకర్మ అయిన వారం నుంచీ మొదలైందమ్మా” అన్నాడు. స్కానింగులు తీయించుకున్నాడట, నాళాలన్నీ మామూలుగానే ఉన్నాయట. తోటి డాక్టర్లు స్టెతస్కోపు పెడితే ఏమీ వినబడలేదట. మానసిక వైద్యుడు మాత్రలిచ్చాడట. వార్డులో ఒక్కొక్కరినీ పట్టి చూడమన్నాడట, సత్తన్నకి తప్ప ఎవరికీ తెలియలేదట. “నాకు మాత్రం ఒక్క క్షణం ఆగడం లేదు. ఆ పక్కకి తిరిగి పడుకోలేను. వాచీ పెట్టుకోలేను. ఎవరైనా తగులుతారేమోనని బయటికి రావాలంటే భయం.”

చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకి చాపాడు. చర్మం నున్నగా ఉంది. నేను చాలాసేపు ముట్టుకోలేదు. అతని బాధ చూసి జాలిపడ్డానని అనుకోకండి. ముట్టుకుంటే ఏమీ ఉండదేమో, అక్క మాట ఉత్త మాటగానే మిగిలిపోతుందేమో అని వెనకాడాను.

చివరికి రెండు వేళ్లు పెట్టాను. మోచేతి మడతకి కొంచెం కింద.

ఉంది. నాలుగైదుసార్లు గుర్రుమని, తడబడి, రెండింతలు విసురుగా ఎత్తుకుంది. నా వేళ్ల కింద మా అక్క ఉంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఒంట్లోంచి ఒక పెద్ద సంతోషం కూడా లేచింది. ఆ సంతోషానికి నేను ఇవాళ్టికీ సిగ్గుపడటం లేదు.

“ఎలా ఆగుతుందమ్మా ఇది?” అన్నాడు.

“నాకేం తెలుసు? డాక్టరు మీరా నేనా?”

తల దించుకున్నాడు. ఆవిడ షుగరుకి అది ఎలాగూ మూసుకుపోయేదేనమ్మా అని ఏదో మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి కాకముందే నా వేళ్ల కింద మోటారు ఎగిరిపడింది. కోపం వస్తే అక్కది ఎలా ఎగిరేదో అచ్చం అలాగే. ఆయన అబ్బా అని చెయ్యి పట్టుకున్నాడు. మొహం నిండా చెమట.

“నిజం చెప్పండి” అన్నాను.

“పట్టీ నేనే కట్టాను. ఆవిడ వద్దన్నారు, మీరూ వద్దన్నారు. విన్లేదు. ఆగింది నా వల్లే.”

మోటారు నెమ్మదించింది. ఆగలేదు.

“చెప్పాను కదమ్మా.”

“నాకు చెబితే ఏం లాభం? నేను మొదటి నుంచీ చూస్తున్నదాన్నే కదా. మళ్లీ వచ్చారా అని ఎక్కడ నిలబడి అడిగారో అక్కడ నిలబడి చెప్పండి. పేషెంట్లందరూ వినేట్టు.”

“ఉద్యోగం పోతుందమ్మా.”

“మా అక్క పోయింది డాక్టరు గారూ.”

లేచి వెళ్లిపోయాడు. నేను పప్పు ఏరడం పూర్తి చేశాను. ఆ రోజు సాంబారు బాగా కుదిరిందని పిల్లలు అన్నారు.

ఆయన వార్డులో చెప్పలేదు. కానీ ఒకటి చేశాడు. కొన్నాళ్లకి సత్తన్న ఆయాసంతో మళ్లీ చేరాల్సి వచ్చింది. చూడ్డానికి వెళితే అతని ఫిస్టులా చేతికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది. చేరిన ప్రతి డయాలిసిస్ పేషెంటుకీ ఆ డాక్టరే స్వయంగా కడుతున్నాడట, ఈ చెయ్యి ఎవరూ ముట్టుకోవద్దని. ఒక కొత్త నర్సు పట్టీ తీసుకుని వస్తుంటే వార్డు ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చి ఆపాడట.

“ఎందుకు కడుతున్నడో ఎవ్వరికీ చెప్పడక్కా” అన్నాడు సత్తన్న. “మళ్లొచ్చినవా అని సుత అడుగుతలేడు.”

మంచిదే. సత్తన్న ఆ తర్వాత కూడా చాలాకాలం ఆ చేత్తోనే బతికాడు. కానీ నా కసి తీరలేదు. ఎర్ర గుడ్డ కడితే అక్క పేరు ఎవరికి తెలుస్తుంది? తర్వాత ఆయన ఆ ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లాడని విన్నాను. వంకాయల బండివాడు గుర్తొచ్చాడు. వాడు సందు మార్చి బయటపడ్డాడు. ఈయన ఊరు మార్చినా చెయ్యి వెంటే వెళుతుంది కదా అనుకుని ఆ పూట కడుపునిండా తిన్నాను.

పంజాగుట్ట ఫ్లైఓవర్ కట్టాక, ఒక ఆదివారం సాయంత్రం అక్కడి బట్టల షాపు బయట ఆయన ఎదురుపడ్డాడు. జుట్టు నెరిసింది. జనం ఒరుసుకుంటూ పోతుంటే ఎడమ చేతిని పొట్టకి అదుముకుని గోడవారగా నడుస్తున్నాడు. నన్ను చూసి ఆగిపోయాడు. ఇద్దరం నమస్కారాలు కూడా పెట్టుకోలేదు. ఆయనే చొక్కా చెయ్యి మడిచి చాపాడు. నడిరోడ్డు మీద, ఆ రద్దీలో నేను వేళ్లు పెట్టాను.

నడుస్తోంది.

నరాల జబ్బు అందామంటే అది నా వేళ్లకెందుకు తెలియాలి? నా భ్రమ అందామంటే నాకన్నా ముందు సత్తన్న ఎలా గుర్తుపట్టాడు? అక్క చేతిని ఎప్పుడూ ముట్టుకోని వాళ్లకి ఎందుకు తెలియలేదు? ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. వాషరు మారిస్తే ఆగిపోయే గజ్జెల్లాంటి కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

ఆయన గొంతు తగ్గించి, “నిర్ణయించుకున్నానమ్మా. ఆ ఆసుపత్రికే వెళుతున్నాను. వార్డులో అందరి ముందూ ఆవిడ పేరు చెప్పి, నా వల్లే అని చెప్పేస్తాను. చెబితే ఆగుతుందంటారా?” అన్నాడు.

నేను కోరింది అదే. అక్క అడిగింది అదే. చెప్పండి అన్న ఒక్క మాట చాలు. వేళ్ల కింద అక్క గుర్రుమంటోంది, తడబడుతోంది, మళ్లీ ఎత్తుకుంటోంది. వెనక బస్సు హారన్ కొడుతోంది, ఎవరో నన్ను తోసుకుంటూ పోయారు. నా వేళ్లు మాత్రం ఆ చేతిని వదల్లేదు.

చెప్పండి అనే మాట నా నోట్లోంచి రాలేదు.